గాలి కరెంటు వెనక ఎంత రిజర్వు ఉండాలి?

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి 8:45 నుంచి 9:10 లోపు దేశం మొత్తం కరెంటు వాడకం 31,089 మెగావాట్లు పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న గాలిమరలన్నిటి సామర్థ్యం సుమారు 4,100 మెగావాట్లు. అలాంటి ఏడు రాష్ట్రాల గాలి ఇరవై ఐదు నిమిషాల్లో పూర్తిగా ఆగిపోతే ఎంత కుదుపో, ఆ రాత్రి అంత కుదుపు వచ్చిందన్నమాట. అయినా గ్రిడ్ నిలబడింది. ముందే జలవిద్యుత్ కేంద్రాలను 25,559 మెగావాట్ల దాకా తీసుకెళ్లి ఉంచారు. లైట్లు ఆరుతుంటే వాటిని 8,016 మెగావాట్లకు దించారు. లైట్లు వెలిగేటప్పుడు మళ్లీ ఎత్తారు.

రెండు రోజుల ముందే కబురు అందింది కాబట్టి ఇది సాధ్యమైంది. అదే ఏదో ఒక జులై సాయంత్రం అనంతపురం వైపు గాలి అనుకున్నదానికంటే గంట ముందు పడిపోయి 500 మెగావాట్లు తగ్గితే, గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో ఆ షిఫ్టులో ఉన్న ఇంజినీరుకు ఫోన్లు కింద పెట్టే తీరిక ఉండదు. గాలి కరెంటుకు, రిజర్వులకు ఉన్న సంబంధం మొత్తం ఈ తేడాలోనే ఉంది. గాలి మారడం వల్ల అయ్యే ఖర్చు కొంతే. ఎంత మారుతుందో, ఎప్పుడు మారుతుందో ముందు తెలియకపోవడం వల్లే రిజర్వు అవసరం పెరుగుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. వెయ్యి మెగావాట్ల గాలిమరలు పెడితే పక్కనే వెయ్యి మెగావాట్ల బొగ్గు స్టేషన్‌ను సిద్ధంగా ఉంచాలని చాలామంది అంటారు. ఇందులో రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోయాయి. ఏడాది మొత్తంలో ఏ రోజైనా, గాలి లేని వారంలోనైనా, డిమాండుకు సరిపడా కేంద్రాలు రాష్ట్రంలో ఉన్నాయా అన్నది మొదటి లెక్క. దాన్ని చూసేది ప్రణాళికా విభాగం, ఏళ్ల ముందు. ఇప్పుడు తిరుగుతున్న యంత్రాల్లో, వచ్చే పావుగంటలో, వచ్చే గంటలో ఎంత పైకి ఎత్తగలం, ఎంత కిందికి దించగలం అన్నది రెండో లెక్క. రిజర్వు అనే మాట ఈ రెండోదానికే చెందుతుంది. ఈ వ్యాసమూ దాని గురించే. వారం రోజులు గాలి లేకపోతే ఏం చేయాలన్నది వేరే చర్చ. రిజర్వులతో అది తీరదు.

గ్రిడ్‌లో ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సమానంగా ఉండాలి. ఉత్పత్తి తగ్గితే ఆ లోటును మొదట తీర్చేది తిరుగుతున్న టర్బైన్ల, జనరేటర్ల బరువులో దాగిన వేగమే. అవి కాస్త నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది. మన గ్రిడ్ కోడ్ ప్రకారం అది 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి. అలా జారగానే పనిలోకి దిగేవి మూడు అంచెల రిజర్వులు.

మొదటిది ప్రైమరీ. దీన్ని ఎవరూ ఆజ్ఞాపించరు. టర్బైన్ మీద ఉన్న గవర్నరే ఫ్రీక్వెన్సీ చూసుకుని ఆవిరి వాల్వును తెరుస్తుంది. ఎంత తెరవాలో డ్రూప్ అనే సెట్టింగు చెబుతుంది. 500 మెగావాట్ల యూనిట్‌కు 5 శాతం డ్రూప్ పెట్టారనుకోండి. ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడితే అది 50లో 0.2 శాతం. దాన్ని 5 శాతంతో భాగిస్తే 4 శాతం, అంటే 20 మెగావాట్లు ఆ యూనిట్ నుంచి రావాలి. ఇది వెంటనే మొదలై నిమిషంలోపే పూర్తిగా అందాలి, ఐదు నిమిషాల దాకా నిలబడాలి. రెండోది సెకండరీ. లోడ్ డిస్పాచ్ సెంటర్‌లోని కంప్యూటర్ నాలుగు సెకన్లకోసారి ఎంపిక చేసిన కేంద్రాలకు సిగ్నల్ పంపుతుంది. దీన్నే ఏజీసీ అంటారు. మన దేశంలో ఇది 2018 జనవరిలో దాద్రి ఎన్టీపీసీలో మొదలైంది. ఆ ప్రయోగంలో తర్వాత చేరిన కేంద్రాల్లో విశాఖ దగ్గరి సింహాద్రి రెండో దశ కూడా ఉంది. సెకండరీ రిజర్వు 15 నిమిషాల్లో పూర్తిగా రావాలి, అరగంట నిలవాలి. మూడోది టెర్షియరీ. మనిషి నిర్ణయించి షెడ్యూలు మార్చి తెప్పించుకునేది. ఇది వచ్చాక పై రెండూ ఖాళీ అయి మళ్లీ సిద్ధమవుతాయి. ఈ మూడింటి వెనక నాలుగోది ఒకటుంది. అదేమిటంటే, చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వెలిగించాలా వద్దా అని ముందు రోజే తీసుకునే నిర్ణయం. గాలి విషయంలో ఎక్కువ డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే.

ఈ రిజర్వులను లెక్కగట్టే పాత సూత్రం గాలి కోసం పుట్టింది కాదు. 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఇచ్చిన ఆదేశంలో దేశం మొత్తానికి 4,000 మెగావాట్ల ప్రైమరీ రిజర్వు ఉండాలంది. ప్రతి ప్రాంతంలో అక్కడి అతిపెద్ద యూనిట్‌తో సమానంగా సెకండరీ ఉండాలంది. దక్షిణాదికి అది 1,000 మెగావాట్లు, కూడంకుళం అణు యూనిట్ పుణ్యాన. రాష్ట్రాలు తమ అతిపెద్ద యూనిట్‌లో సగానికి టెర్షియరీ ఉంచుకోవాలంది. మూడు చోట్లా ప్రశ్న ఒక్కటే: పెద్ద యంత్రం ఒకటి ట్రిప్ అయితే, అంటే హఠాత్తుగా ఆగిపోతే, ఏం చేస్తాం?

గాలి అలా ట్రిప్ కాదు. గాలి కరెంటులో అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. 1,000 మెగావాట్ల అణు యూనిట్ రెప్పపాటులో సున్నా అవుతుంది. రెండు మెగావాట్ల గాలిమరలు రెండు వేలు ఒకే క్షణంలో ఆగవు. ఒక మర ముందు గాలి తగ్గితే పక్కదాని ముందు పెరుగుతుంది. సెకన్లలో వచ్చే ఎగుడుదిగుళ్లు ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని హెచ్చుతగ్గులు కలిసినప్పుడు మొత్తం మెగావాట్లతో పోలిస్తే వాటి శాతం మరల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. వంద మరలుంటే, ఒక్క మరకు ఉన్న కుదుపులో పదో వంతు. అందుకే నిమిషంలోపు జరిగే మార్పుల లెక్కలో గాలి ఉందా లేదా అన్నది దాదాపు తెలియదు. ప్రైమరీ రిజర్వు గాలి వల్ల పెరగాల్సిన పని సాధారణంగా ఉండదు.

గంటల లెక్కలోకి వస్తే కథ వేరు. అక్కడ మార్పు తెచ్చేది మర ముందున్న సుడి కాదు, ఆకాశంలో కదిలే వాతావరణం. అది అన్ని మరలకూ ఉమ్మడి. సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్లతో గాలి మార్పు కదులుతోందనుకుంటే వంద కిలోమీటర్లు దాటడానికి దాదాపు మూడు గంటలు. రాయలసీమలో అంత దూరంలో ఉన్న మరలు ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూ పోవడానికి పట్టేది ఆ మాత్రం సమయమే. వర్గమూలం సూత్రం ఇక్కడ చెల్లదు. అందరూ ఒకే దిక్కున తప్పుతారు.

పైగా గాలి వేగానికీ కరెంటుకూ ఉన్నది ఘన (క్యూబ్) సంబంధం. వేగం సెకనుకు 7 మీటర్ల నుంచి 8కి పెరిగితే మనిషి చెంపకు తేడా తెలియకపోవచ్చు. కానీ 8ని 7తో భాగించి దాన్ని మూడుసార్లు హెచ్చవేస్తే 1.49. ఉత్పత్తి దాదాపు సగం పెరిగింది. వాతావరణ అంచనాలో ఒక్క మీటరు తప్పు కరెంటులో అంత పెద్ద తప్పవుతుంది. అయితే ఈ కష్టం అన్ని వేగాల దగ్గరా ఒకేలా ఉండదు. సెకనుకు మూడు నాలుగు మీటర్ల దగ్గర మర అప్పుడే కదులుతుంది, తప్పడానికి అక్కడ కరెంటే లేదు. పన్నెండు పదమూడు దాటాక మర తన పూర్తి సామర్థ్యం దగ్గర ఆగిపోతుంది. వేగం ఇంకా పెరిగినా ఉత్పత్తి పెరగదు. ప్రమాదమంతా మధ్యలో, ఆ వంపు నిటారుగా లేచేచోట. ఇంకో ప్రమాదం పై కొసన ఉంది. సుమారు 25 మీటర్ల దగ్గర మర తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, పూర్తి ఉత్పత్తి నుంచి ఏకంగా సున్నాకు. మన సీమలో అది అరుదు. తుపాను తీరాల్లో, ఉత్తర సముద్రంలో పెనుగాలుల వేళ అది జరుగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క చేసి చూద్దాం. అంకెలు మాదిరికి తీసుకున్నవి. కానీ పరిమాణాలు ఒక పెద్ద రాష్ట్రానికి దగ్గరగా ఉంటాయి. డిమాండు 10,000 మెగావాట్లు, గాలిమరలు 3,000 మెగావాట్లు. ఒక గంట ముందు వేసే డిమాండు అంచనాలో తప్పు, గణాంకాల భాషలో ప్రామాణిక విచలనం, 150 మెగావాట్లు. అదే గంట ముందు గాలి అంచనాలో తప్పు 200 మెగావాట్లు. మామూలుగా జనం 150కి 200 కలిపి 350 అంటారు. డిమాండు తప్పుకూ గాలి తప్పుకూ సంబంధం లేనప్పుడు అలా కలపకూడదు. రెంటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. 150 వర్గం 22,500, 200 వర్గం 40,000, కలిపితే 62,500. వర్గమూలం 250. మూడు రెట్ల భద్రత పెట్టుకుంటే రిజర్వు 750 మెగావాట్లు. గాలి అసలే లేకపోతే 150కి మూడు రెట్లు, 450 ఎలాగూ కావాలి. కాబట్టి 3,000 మెగావాట్ల గాలి తెచ్చిన అదనపు భారం 300. గాలి సామర్థ్యంలో పదో వంతు.

అవే మరలు, అదే గాలి. కానీ షెడ్యూలు గంట ముందు కాకుండా ముందు రోజు మధ్యాహ్నమే ఖరారై ఇక మార్చడానికి వీల్లేదనుకోండి. ముందు రోజు అంచనాలో డిమాండు తప్పు 250, గాలి తప్పు 400 అనుకుందాం. కూడితే సుమారు 472, మూడు రెట్లు 1,415. గాలి లేకుండా 750. అదనపు భారం 665. గాలి ఒక్క మీటరు కూడా మారలేదు, కానీ రిజర్వు అవసరం దాదాపు రెట్టింపయింది. మార్చింది షెడ్యూలు నియమం.

అందుకే ఒక గ్రిడ్‌లో గాలికి ఎంత రిజర్వు కావాలని ఎవరైనా అడిగితే, మీ దగ్గర షెడ్యూలును చివరిసారి ఎప్పుడు మార్చుకోవచ్చు అని ఎదురు ప్రశ్న వేయాలి. మరల సంఖ్య ఆ తర్వాత. మన దగ్గర రోజును పావుగంట చొప్పున 96 బ్లాకులుగా కోస్తారు. 2015లో అంతర్రాష్ట్ర గాలి, సౌర కేంద్రాలకు తెచ్చిన పద్ధతిలో గంటన్నరకోసారి, రోజుకు పదహారు సార్ల దాకా షెడ్యూలు సవరించుకునే వీలిచ్చారు. ఇది నిజంగా మంచి పని.

ఆ పద్ధతిలోనే చిన్న మెలిక ఒకటుంది. అంచనా తప్పును షెడ్యూలుతో కాక, అందుబాటులో ఉన్న సామర్థ్యంతో భాగించాలన్నారు. తొలి నిబంధనల్లో ఇరువైపులా 15 శాతం దాకా జరిమానా లేదు. తర్వాతి సవరణల్లో ఈ పరిధులు మారుతూ వచ్చాయి. 100 మెగావాట్ల కేంద్రం 20 ఇస్తానని 34 ఇచ్చిందనుకోండి. చెప్పినదానికంటే 70 శాతం ఎక్కువ. కానీ సామర్థ్యంతో భాగిస్తే తప్పు 14 శాతమే, జరిమానా సున్నా. ఒక్క కేంద్రానికి అది న్యాయమే, గాలిని ఎవరు మాత్రం కచ్చితంగా చెప్పగలరు? కానీ అదే సాయంత్రం అదే గాలికి 4,000 మెగావాట్ల మరలన్నీ ఒకే వైపు 14 శాతం తప్పితే 560 మెగావాట్లు. ఎవరికీ జరిమానా పడదు. ఆ 560 మాత్రం ఎవరో ఒకరు తిరుగుతున్న యంత్రం నుంచి సర్దాలి. చాలా గాలి కేంద్రాల కరెంటు వచ్చి కలిసే పూలింగ్ సబ్‌స్టేషన్ దగ్గర అందరి తరఫున షెడ్యూలు ఇచ్చే ఏజెన్సీ, క్యూసీఏ, తన ఖాతాలో తప్పు చేయలేదు. రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ మాత్రం ఆ అంచనాలన్నీ కూడి ఊరుకుంటే చాలదు. రాష్ట్రం మొత్తానికి తనదైన అంచనా వేరే వేసుకోవాలి.

పై లెక్కలో మూడు రెట్లు అన్నదాన్ని కూడా మరీ నమ్మకూడదు. గాలి తప్పులు గణాంకాల్లో చెప్పే గుడిగంట ఆకారపు వంపును సరిగ్గా పాటించవు. చిన్న తప్పులు ఎక్కువ, మధ్యస్థం తక్కువ, అరుదైన పెద్ద తప్పులు మాత్రం సూత్రం చెప్పినదానికంటే తరచుగా వస్తాయి. కాబట్టి తెలిసినవాళ్లు రెండు మూడేళ్ల పావుగంట రికార్డులు ముందేసుకుని, నూటికి 99 సందర్భాలకు ఎంత సరిపోయేదో నేరుగా లెక్కిస్తారు. అది కూడా ఏడాదికి ఒకే అంకెగా కాదు, రేపటి అంచనాను బట్టి. రేపు గాలి 5 శాతమే ఉంటుందనుకుంటే 3,000 మెగావాట్లలో ఉన్నదే 150. పడిపోయేది అంతకు మించదు. ఆ రోజు 300 పైకెత్తే రిజర్వు గాలి కోసం కట్టేయడం దండగ. రేపు గాలి 50 శాతం దగ్గర, వంపు నిటారుగా ఉన్నచోట ఉంటుందనుకుంటే 300 చాలకపోవచ్చు. స్థిరమైన అంకె ఒకటి పెట్టుకున్న గ్రిడ్ ఏడాదిలో చాలా రోజులు ఎక్కువ ఖర్చు పెడుతుంది, కొన్ని రోజులు తక్కువ పడుతుంది.

ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో జర్మనీలో కనిపించింది. 2008 తర్వాత కొద్ది ఏళ్లలో అక్కడ గాలి, సౌర సామర్థ్యం 27 గిగావాట్ల నుంచి 78కి చేరింది, దాదాపు మూడు రెట్లు. అదే కాలంలో కట్టిపెట్టే బ్యాలెన్సింగ్ రిజర్వు సుమారు 15 శాతం తగ్గింది. చదవగానే నమ్మబుద్ధి కాదు. అంతకు ముందు ఆ దేశంలో నాలుగు సంస్థలు నాలుగు ప్రాంతాలను ఎవరికి వారు సరిదిద్దుకునేవి. ఒకచోట గాలి ఎక్కువై కేంద్రాలను దించుతుంటే, పక్కచోట తక్కువై ఎత్తేవారు. రెండు చోట్లా డబ్బు కట్టేవారు. ఒకరి ఎక్కువ ఇంకొకరి తక్కువకు చెల్లు అని ముందు లెక్క తేల్చుకోవడం మొదలుపెట్టాక ఆ దుబారా ఆగింది. దానికి తోడు పావుగంట వ్యాపారం వచ్చింది, అంచనాలు మెరుగయ్యాయి. గాలి తెచ్చిన అదనపు అవసరం నిజమే. కానీ పాత పద్ధతుల్లో దాగిన దుబారా దానికంటే పెద్దది.

మన దగ్గర దీనికి దగ్గరి మలుపు 2013 డిసెంబర్ 31. ఆ రాత్రి రాయచూరు - షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీకి కలిసింది. అంతకు ముందు వెయ్యి మెగావాట్లు పోతే ఆ కుదుపంతా దక్షిణాది యంత్రాలే మోసేవి. ఇప్పుడు దేశం మోస్తుంది. 2024 మే 30న దేశ డిమాండు 250 గిగావాట్లు తాకింది. ఆ సముద్రంలో వెయ్యి మెగావాట్లు అంటే వెయ్యిలో నాలుగు. అయినా ప్రతి రాష్ట్రం తన ఎక్కువ తక్కువలకు విడిగా లెక్క చెప్పాల్సిందే. ఆంధ్రలో గాలి అంచనాకు మించి వీచి, అదే సమయంలో కర్ణాటకలో తగ్గితే, ఫ్రీక్వెన్సీ ఏమీ కదలకపోయినా ఇద్దరూ తమ తమ కేంద్రాలను తిప్పుకుంటారు. మొత్తంగా సుమారు 128 మెగావాట్ల గాలిమరలున్న తెలంగాణకు ఈ తలనొప్పి నేరుగా లేదు. గాలి వీచే పొరుగులతో లెక్క కలుపుకుంటే వచ్చే లాభంలో వాటా మాత్రం ఉంది.

ఇక రిజర్వు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. కాగితం మీద ఉన్న రిజర్వుకూ పిలిస్తే పలికే రిజర్వుకూ మధ్య చాలా దూరం ఉంటుంది.

బొగ్గు యూనిట్ నిమిషానికి తన సామర్థ్యంలో ఒక శాతం చొప్పున మారగలదని సాధారణ లెక్క. 600 మెగావాట్ల యూనిట్ నిమిషానికి 6, పావుగంటకు 90. గాలి గంటలో 600 మెగావాట్లు తగ్గుతోందంటే నిమిషానికి 10 కావాలి, కనీసం రెండు అలాంటి యూనిట్లు కదలాలి. వేగం ఒక్కటే చాలదు. ఒక్కోదానిలో 300 మెగావాట్ల ఖాళీ ముందే ఉండాలి, అంటే అవి సగం దగ్గర నడుస్తూ ఉండాలి. కానీ కనీస ఉత్పత్తి 55 శాతం, అంటే 330. అక్కడి నుంచి పైకి ఉన్నది 270 మాత్రమే. కాబట్టి మూడో యూనిట్ కూడా వెలుగుతూ ఉండాలి. మూడు యూనిట్లు కనీస స్థాయిలో నడిస్తే 990 మెగావాట్లు గ్రిడ్‌లోకి తప్పనిసరిగా వస్తూనే ఉంటుంది. రాత్రి డిమాండు తగ్గి గాలి జోరుగా ఉంటే ఆ 990కి చోటు కోసం గాలినే ఆపాల్సి వస్తుంది. గాలి కోసం ఉంచిన రిజర్వే గాలిని తోసేయడం ఇలా జరుగుతుంది.

యూనిట్ లోపల ఏమవుతుందో కూడా చూడాలి. షెడ్యూలు ప్రకారం 80 శాతం దగ్గర ఉన్న యూనిట్‌లో 20 శాతం రిజర్వు అని రాసుకుంటారు. కానీ ఆరు బొగ్గు మిల్లుల్లో నాలుగే తిరుగుతున్నాయి, ఐదోది మరమ్మతులో ఉంది, ఆరోదాన్ని వేడిచేసి లోపలికి తేవడానికి సమయం పడుతుంది. వానాకాలంలో తడిసిన బొగ్గు మిల్లులో అతుక్కుంటుంది, ఫీడర్ జామ్ అవుతుంది. గాలి ఎక్కువగా వీచేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. లేదా ఎవరో ఆపరేటర్ ఏజీసీని రిమోట్ నుంచి లోకల్‌కు మార్చి మళ్లీ మార్చడం మరిచాడు. సిగ్నల్ వస్తూనే ఉంటుంది, యూనిట్ వినదు. లేదా బొగ్గు ఆదా కావాలని ఆవిరి వాల్వులన్నీ బార్లా తెరిచి నడుపుతున్నారు. గవర్నర్ బాగానే ఉంది, తెరవడానికి వాల్వు మిగల్లేదు. అందుకే రిజర్వును మెగావాట్లలో లెక్కపెట్టి ఊరుకోకుండా, ఫ్రీక్వెన్సీ పడిన ప్రతి ఘటన తర్వాత ఏ యూనిట్ ఎంత ఇవ్వాల్సింది, ఎంత ఇచ్చింది అని సెకన్ల రికార్డు తీసి చూడాలి.

ఉన్నవాటిలో అన్నిటికంటే చురుకైనది నీరు. రెండు మూడు నిమిషాల్లో సున్నా నుంచి పూర్తికి వస్తుంది. శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్లవి ఏడు, 770. ఎడమగట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు, 900. చూస్తే రాయలసీమ గాలికి పక్కనే దేవుడిచ్చిన రిజర్వు. కానీ నైరుతి గాలి ఉధృతంగా వీచే జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలలే కృష్ణకు వరద వచ్చే నెలలు. గేట్లెత్తి నీళ్లు వదులుతున్నప్పుడు టర్బైన్లను సగంలో ఉంచి రిజర్వు పట్టుకుందామని ఎవరూ అనరు, అనకూడదు. అలా చేస్తే ఉచితంగా వచ్చే కరెంటు గేట్ల మీదుగా పోతుంది. కాబట్టి టర్బైన్లన్నీ పూర్తి స్థాయిలో నడుస్తాయి, పైకి ఎత్తే ఖాళీ సున్నా. వేసవిలో ఖాళీ ఉంటుంది. అప్పుడు సాగు, తాగునీటి లెక్కలు అడ్డొస్తాయి. పైగా రెండు గట్లు రెండు రాష్ట్రాలవి. పిన్నాపురంలో చేపట్టినలాంటి పంప్డ్ స్టోరేజీకి ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. నది వరదతో పెద్దగా పనిలేకుండా అదే నీటిని పైకీ కిందికీ తిప్పుతుంది. పంపు నడుస్తున్నప్పుడు దాన్ని ఆపడమే ఒక రిజర్వు. గాలి పడితే పంపు ఆపు, ఇంకా పడితే టర్బైన్‌గా తిప్పు.

గ్యాస్ గురించి ఒక్క మాట. గాలికి తోడుగా అన్నిటికంటే నప్పే యంత్రం గ్యాస్ టర్బైన్. గోదావరి జిల్లాల్లో అలాంటివి కట్టుకున్నాం. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 బ్లాకు గ్యాస్ పడిపోయాక వాటిలో చాలా ఇంధనం లేక మూగబోయాయి. యంత్రం ఉంది, నిప్పు లేదు.

రిజర్వు పట్టి ఉంచడానికి ఎంతవుతుందో చిన్న లెక్క. యూనిట్‌కు 3 రూపాయల కేంద్రంలో 100 మెగావాట్లు ఆపి ఉంచాలంటే ఆ 100ను ఇంకోచోట 5 రూపాయలకు కొనాలి. గంటకు లక్ష యూనిట్లు, రెండు రూపాయల తేడా, గంటకు 2 లక్షలు. ఖాళీని 5 రూపాయల కేంద్రంలోనే ఉంచితే ఈ తేడా ఉండదు. కానీ పిలిచిన ప్రతిసారీ ఖరీదైన కరెంటు వస్తుంది. అరుదుగా పిలిచే రిజర్వు ఖరీదైన యంత్రంలో, తరచుగా పిలిచేది చవకైనదానిలో ఉంచడమే తెలివి. గాలి తగ్గేది నెమ్మదిగా, అప్పుడప్పుడు. అలాంటప్పుడు అన్నిటినీ వేగవంతమైన సెకండరీలో కట్టిపెట్టడం చిల్లర కోసం బంగారం కుదువ పెట్టడమే.

గాలికి ముడిపెట్టి చెప్పే పెద్ద అంధకారాల్లో అసలు తప్పు గాలి తగ్గడం కాదు. 2016 సెప్టెంబర్ 28న దక్షిణ ఆస్ట్రేలియాలో సుడిగాలులు లైన్ల టవర్లను కూల్చాయి. రెండు నిమిషాల్లో వోల్టేజీ ఆరుసార్లు కుంగింది. తొమ్మిది గాలి కేంద్రాల్లో, ఇన్నిసార్లు కుంగితే మర తగ్గిపోవాలి అని నియంత్రణ ప్రోగ్రాములో ఒక పరిమితి పెట్టి ఉంది. ఆ సంగతి గ్రిడ్ నడిపేవాళ్లకు తెలియదు. ఏడు సెకన్ల లోపు 456 మెగావాట్లు పోయాయి. ఆ లోటంతా పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి వచ్చే లైను మీద పడి అదీ తెగింది, రాష్ట్రమంతా చీకటి. 2019 ఆగస్టు 9న ఇంగ్లండులో పిడుగు పడ్డాక హార్న్‌సీ సముద్ర గాలి కేంద్రం 737 మెగావాట్లు, లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రం, ఇళ్ల దగ్గరి చిన్న ఉత్పత్తి వెంటవెంటనే పోయాయి. చేతిలో ఉన్న రిజర్వు వెయ్యి మెగావాట్లు, పోయింది దానికి రెట్టింపుకు దగ్గర. ఫ్రీక్వెన్సీ 48.8కి పడి పది లక్షలకు పైగా వినియోగదారులకు కోత పడింది. రెండు చోట్లా గాలి బాగానే వీస్తోంది. గాలి కేంద్రాల్లో తప్పింది కంట్రోలర్ సెట్టింగులు.

కాబట్టి గాలి ఎక్కువున్న ప్రాంతంలో ట్రిప్ లెక్క వేసేటప్పుడు అతిపెద్ద యూనిట్ ఎంత అని అడిగితే చాలదు. ఒకే 400 కేవీ పూలింగ్ సబ్‌స్టేషన్ మీద ఎన్ని మెగావాట్లు వేలాడుతున్నాయి, ఒక వోల్టేజీ కుదుపుకు ఒకే మోడల్ మరలు ఎన్ని కలిసి తప్పుకుంటాయి అని కూడా అడగాలి.

మరలు తామే రిజర్వు ఇవ్వలేవా? కిందికి దించడానికి బాగా ఇస్తాయి. రెక్క కోణం తిప్పితే సెకన్లలో తగ్గుతాయి. పైకి ఇవ్వాలంటే ముందే కొంత వదులుకుని నడవాలి. ఉచితంగా వచ్చే గాలిని వదిలేయడం సాధారణంగా నష్టమే. కానీ ఎలాగూ కోత పెట్టాల్సిన రాత్రుల్లో ఆ కోత పెట్టిన భాగమే పైకెత్తే రిజర్వు అవుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వట్టి బద్ధకం. తిరిగే రోటర్ వేగాన్ని పిండి పది సెకన్లు కాస్త ఎక్కువ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఆ తర్వాత రోటర్ మళ్లీ వేగం అందుకోవాలి, అప్పుడు ఉత్పత్తి మునుపటికంటే తగ్గుతుంది. అన్ని మరలూ ఒకేసారి ఆ పని చేస్తే రెండో గుంత మొదటిదానికంటే లోతు కావచ్చు.

చివరగా బ్యాటరీలు. 100 మెగావాట్లు, 200 మెగావాట్ గంటల బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు పిలిస్తే, 100 తీసుకోవడం ఆపి 100 ఇవ్వడం మొదలుపెడుతుంది. సెకనులోపు 200 మెగావాట్ల తేడా. అరగంట సెకండరీ అవసరానికి 50 మెగావాట్ గంటలు సరిపోతాయి కాబట్టి దానికి ఇది సాటిలేనిది. ఆరు గంటలు గాలి పడిపోయిన సాయంత్రానికి ఇది రెండు గంటల సరుకు మాత్రమే. ఒప్పందాల్లో తరచూ జరిగే తప్పు ఒకటుంది. అదే బ్యాటరీని సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పీక్ డిమాండుకు పూర్తిగా ఖాళీ చేస్తామని డిస్కంకు ఒకచోట రాస్తారు. అదే గంటలకు 100 మెగావాట్ల రిజర్వుగా లోడ్ డిస్పాచ్ సెంటర్ జాబితాలో ఇంకోచోట రాస్తారు. ఏడున్నరకు గాలి పడి పిలుపు వచ్చేసరికి అందులో మిగిలి ఉండేది 50 మెగావాట్ గంటలు. దానికీ ముందే బేరం కుదిరి ఉంటుంది.